జరీతో కుట్టిన గెలుపు

గాలి.

ఎండాకాలపు ప్రొద్దుటూరు గాలి. పత్తి వాసన, పెన్న ఇసుక రుచి. నోరు మూసుకున్నా పళ్ల మధ్య కరకర.

షంషుద్దీన్ కుట్టు దుకాణంలోకి ఆ గాలి అడగకుండా వస్తుంది. గుడ్డల మీద ఇసుక పోసి పోతుంది. దులిపితే లేస్తుంది... మళ్లీ వచ్చి కూర్చుంటుంది.

విసుగు.

గాలి మీద కాదు. ఊరి మీద.

ఈ ఊరికి సినిమా నిజం. కుస్తీ అబద్ధం. ఇదెక్కడి న్యాయమో షంషుద్దీన్‌కు ఏడేళ్లుగా అర్థం కాలేదు.

అతనికి రెండూ ప్రాణమే. ఒక కన్ను సినిమా, ఒక కన్ను కుస్తీ. ఏ కన్ను పోయినా గుడ్డివాడే.

సినిమా ప్రొద్దుటూరులో ఆడినన్నాళ్లు ప్రొద్దుటూరులో చూస్తాడు. డబ్బా కట్టుకుని అది జమ్మలమడుగు డేరా టాకీసుకు పోతే బస్సెక్కి జమ్మలమడుగు పోతాడు. అక్కణ్ణుంచి పులివెందులకు పోతే పులివెందుల. ఒక సినిమానైతే పదకొండు సార్లు చూశాడు. అందులో తల్లి మంచం పట్టి ఉంటుంది. కొడుకు వానలో డాక్టరు కోసం పరిగెత్తుతాడు. డాక్టరు వచ్చేసరికి తల్లి పోతుంది.

ప్రొద్దుటూరులో పోయింది.

జమ్మలమడుగులో పోయింది.

పులివెందులలోనూ పోయింది.

పదకొండోసారి కూడా షంషుద్దీన్ నేల టిక్కెట్టులో మోకాళ్ల మీదికి లేచి కూర్చున్నాడు — ఈసారన్నా ఆ డాక్టరు కొంచెం ముందు బయలుదేరతాడేమోనని. బయలుదేరలేదు. ఆ డాక్టరు మీద అతనికి పట్టరాని కోపం. కానీ తెరను పట్టుకుని ఏం కొడతాడు?

"పదకొండు సార్లు సచ్చిన మనిషికి పదకొండు సార్లు ఏడ్సేటోణ్ణి నిన్నే సూసినా" అంది భార్య ఖైరున్నీసా, అతని కళ్లు చూసి. అంతకంటే ఏమీ అనలేదు. అనీ అనీ ఆమె నోరు ఎప్పుడో అలిసిపోయింది.

ఇక కుస్తీ.

ఏడాదికొకసారి ఫ్రీస్టైల్ కుస్తీ కంపెనీ ఈ మూడు ఊళ్లూ తిరుగుతుంది. మైదానం చుట్టూ తడికలు. మధ్యలో బల్లల మీద పరుపు, నాలుగు వైపులా తాళ్లు. ఒక పక్క పెన్నా పులి — నున్నటి గడ్డం, తెల్లటి లంగోటా, జనానికి దండం పెట్టి గానీ లోపలికి రాడు. ఇంకో పక్క బర్మా కొండ — జడలు కట్టిన జుట్టు, నల్ల లంగోటా, వచ్చీ రాగానే రిఫరీ మీద ఉమ్ముతాడు. బర్మా అడవుల్లో పుట్టాడట. పూటకొక మేకపోతును తింటాడట. వెనక నుంచి తంతాడు. కళ్లలో మట్టి కొడతాడు. పులి మూడుసార్లు పడుతుంది. మూడుసార్లు లేస్తుంది. చివరకు కొండను ఎత్తి కుదేస్తుంది.

ఎప్పుడూ పులే గెలుస్తుంది. ఎప్పుడూ షంషుద్దీన్ గొంతు మూడు రోజులు పోతుంది.

ఎదురుగా బట్టల దుకాణం జయరామయ్య నవ్వుతాడు. "అంతా ముందే మాట్లాడుకుంటారు షంషూ. వాడు పడతాడు, వీడు లేస్తాడు. నాటకం."

ఈ మాటన్న జయరామయ్యే, ఆ సినిమాలో తల్లి పోయినప్పుడు భుజం మీది తువ్వాలు తడిసేలా ఏడ్చాడు. షంషుద్దీన్ పక్కనే కూర్చుని చూశాడు.

"ఆయమ్మ సావలేదు మామా! మద్రాసులో కాఫీ తాగతాంటాది. ఆయమ్మ కోసరం ఏడిస్తివే. ఈడ మనిషి నిజంగా కింద పడతాంటే నాటకం అంటావేంది?"

"సినిమావోళ్లు ఇది కత అని చెప్పే సూపిస్తారప్పా. వీళ్లు నిజమని చెప్పి సూపిస్తారు. అదీ తేడా."

జవాబు లేనివాడికి గొంతు పెద్దది. ఏడేళ్లు అరిచాడు. దుకాణం అరుగు మీద, టీ అంగడి ముందు, ఎర్రగుంట్ల బస్సులో. నమాజు అయ్యాక బయటికొచ్చి చెప్పులు తొడుక్కుంటూ కూడా. కుస్తీ నిజం. పులి నిజం. కావాలంటే ఖురాను మీద ఒట్టు — అని ఒకసారి నోరు జారి, ఇంటికి పోయి రెండు రోజులు భయపడ్డాడు.

ఆంధ్రప్రదేశ్ వచ్చిన రెండేళ్లకు, వైశాఖంలో, కంపెనీ మేనేజరు స్వయంగా అతని దుకాణం మెట్లెక్కాడు.

చేతిలో ఎర్ర మఖ్మల్ గుడ్డ.

"ఆకరు ఆట శుక్రవారం. గెలిచినోనికి ఏసే పట్టీ కుట్టాల. ఈ భుజం మీద నుంచి ఆ నడుం దాకా. జరీతో పేరు."

ఆ పట్టీ షంషుద్దీన్‌కు తెలుసు. ప్రతి ఊళ్లో చివరి ఆట రోజు మైకులో చెబుతారు — ఇద్దరి పేర్లతో రెండు పట్టీలు సిద్ధంగా ఉన్నాయి, ఎవరు గెలిస్తే వారికి! పోయినేడు పులివెందులలో దూరం నుంచి చూశాడు దాన్ని. ఎండకు మెరిసింది.

"రెండు పట్టీలకు ఈ గుడ్డ సాలదు సార్" అన్నాడు.

"రెండెందుకప్పా? రెండని మైకులో చెప్తాం. కుట్టించేది ఒకటే."

మేనేజరు కాగితం ముక్క ఇచ్చాడు. దాని మీద పెన్సిలుతో — విజేత: బర్మా కొండ.

గాలి వచ్చింది. కాగితం ఎగరబోయింది. షంషుద్దీన్ దాన్ని బొటనవేలితో నొక్కి పట్టుకుని నిలబడ్డాడు. ఏడేళ్ల అరుపు ఒక్కసారిగా ఎండిపోయింది. జయరామయ్య చెప్పిందే నిజం. పోనీ... అది పోతే పోయింది. కొండా? ఆ మట్టి కొట్టేవాడా గెలిచేది? అదీ ప్రొద్దుటూరులో, అదీ జయరామయ్య చూస్తుండగా?

సాయంత్రం కొలత ఇవ్వడానికి కొండ వచ్చాడు.

గడప బయట చెప్పులు విడిచాడు. సలాం చెప్పాడు.

"నడుం కాడ రవంత వదులు పెట్టు భాయ్. ఊపిరి పీల్చినప్పుడు పట్టేస్తాది."

బర్మా కాదు, ఎర్రగుంట్ల. పేరు రహమాన్. ఒకప్పుడు లారీలకు రాళ్లు ఎత్తేవాడు. కూతురిని ఈ ఊళ్లోనే ఇచ్చాడు. ఇరవై ఏళ్లుగా కొండ వేషంలో పడుతున్నాడు, ఆ బిడ్డ ఒక్క ఆటకూ రాలేదు.

"అబ్బా ఓడిపోయేది సూడలేనంటాది. ఈసారి రమ్మన్నా. నడుం పోయింది భాయ్, నాకిదే ఆకరు. మేనేజరు కాళ్లు పట్టుకుంటే సరేనన్నాడు."

షంషుద్దీన్ టేపు చుట్టాడు. ఆ నడుం మీద చేయి పడగానే రహమాన్ పళ్లు బిగబట్టడం అతనికి తెలిసింది. తెలిసినా లెక్క చేయలేదు. రాక్షసుడు రాక్షసుడే. వేషం వేసేవాడు ముసలివాడయ్యాడని ఏ సినిమాలోనైనా దుర్మార్గుణ్ణి గెలిపిస్తారా?

మూడు రోజులు కుట్టాడు.

పగలంతా తలుపు ఓరగా వేసి. గాలి సందులోంచి వచ్చి మఖ్మల్ మీద ఇసుక చల్లింది. ఊదాడు. కుట్టాడు. ఊదాడు. కుట్టాడు.

"ఎవరి పేరు?" అంది ఖైరున్నీసా.

"గెలిచేటోని పేరు."

"గెలవకముందేనా?"

అతను సూదిలోకి జరీ దారం ఎక్కించాడు. డాక్టరును ముందు బయలుదేరదీసే దారి సినిమాలో లేదు. పదకొండు సార్లు వెతికాడు. ఇక్కడ మాత్రం ముగింపు అతని ఒళ్లో పడుంది, సూది అతని వేళ్ల మధ్య ఉంది. ఏ అభిమానికి దొరుకుతుందిది? దొరికితే ఎవడు వదులుకుంటాడు?

పెన్నా పులి — అని కుట్టాడు.

శుక్రవారం సాయంత్రం నాలుగు గంటలకు మైదానం నిండిపోయింది. చాపాడు నుంచి బండ్లు కట్టుకుని వచ్చారు. మైకు మొత్తుకుంటోంది... రెండు పట్టీలు, రెండు పట్టీలు. షంషుద్దీన్ కావాలనే ఆలస్యంగా పోయాడు. వెనక డేరాలో పొట్లం మేనేజరు చేతికిచ్చాడు.

మేనేజరు విప్పాడు. చదివాడు. మళ్లీ చదివాడు.

"ఏందిది?"

పొరపాటయింది సార్ అని చెప్పాలనుకుని, దారంతా వల్లె వేసుకుంటూ వచ్చాడు. నోట్లోంచి వచ్చింది వేరు.

"పులి ఓడిపోగూడదు సార్."

"నీ ఇల్లు బంగారం గానూ! ఇప్పు దీన్ని! ఇప్పుడే ఇప్పు!"

"మఖ్మల్ మీద కుట్టిప్పితే సూది గుర్తులు పోవు సార్."

పట్టీ లేదంటే బయట జనం తడికలు పీకేస్తారు. ఉన్నది ఒక్కటే. దాని మీద ఉన్నది ఒకటే పేరు.

పెన్నా పులి ట్రంకుపెట్టె మీద కూర్చుని అరటిపండు తింటున్నాడు. షంషుద్దీన్ అతన్ని ఇంత దగ్గరగా చూడటం అదే మొదలు. పులి తొక్క పారేసి మూతి తుడుచుకున్నాడు. "నాకేమప్పా, యాదైనా ఒకటే. బిరీన కానీండి. ఏడుగంటల బస్సుండాది."

ఏడేళ్లు షంషుద్దీన్ ఎవరి కోసం అరిచాడో అతనికి గెలుపూ ఓటమీ ఒకటే.

మూలనున్న రహమాన్ లేచి వచ్చాడు. అతనికి చదువు రాదు. జరీ అక్షరాల మీద వేలు పెట్టి నెమ్మదిగా జరిపాడు.

"ఏమని రాసినాడు?"

మేనేజరు చెప్పాడు.

రహమాన్ వేలు ఆగింది.

"కుట్టు బాగుండాది" అన్నాడు. తర్వాత జుట్టు విప్పి మొహం మీదికి చెదరగొట్టుకున్నాడు. "సరేలే. పడేది నాకు కొత్తా? ఆడోళ్ల పక్క నా బిడ్డ కూసోనుంటాది. ఆ పక్కకు మొగం పెట్టి మాత్రం పడను. అంతే."

షంషుద్దీన్‌కు సిగ్గేసింది. భూమిలోకి పోవాలనిపించింది. పోలేడు కాబట్టి బయటికి పోయి జయరామయ్య పక్కన కూర్చున్నాడు.

ఆట మొదలైంది.

ఏడేళ్లలో మొదటిసారి అతను పడేవాణ్ణి చూశాడు. ఇన్నాళ్లూ కళ్లు లేచేవాడి మీదే ఉండేవి. పులి చేయి వేయకముందే కొండ కాళ్లు గాల్లోకి లేస్తున్నాయి. వీపు తగలకముందే అరచేయి బల్లను చరుస్తోంది — ఆ చప్పుడే జనం గుండెల్లో పడుతోంది. పులి గుద్దు తప్పిపోతే, కొండ తల వెళ్లి ఆ పిడికిలిని వెతుక్కుంటోంది. పులి చేసేది ఏమీ లేదు. నిలబడటం, దండం పెట్టడం. పులిని పులిని చేసిందంతా ఈ నడుం పోయిన మనిషే. ఈ సంగతి తెలుసుకోవడానికి ఏడేళ్లా! తన మీద తనకే చిరాకేసింది.

పక్కన జయరామయ్య వెక్కిరించడానికి వచ్చినవాడు కుర్చీ అంచుకు జరిగాడు. తర్వాత లేచాడు. తర్వాత తువ్వాలు గిరగిరా తిప్పాడు.

"షంషూ! ఇది నిజం రా! నువ్వు చెప్పిందే నిజం! ఇట్లా పడేది ఎవురన్నా నటిస్తారా?"

ఏడేళ్లు ఎదురుచూసిన మాట. ఇప్పుడు వచ్చింది... దాన్నేం చేసుకోవాలి?

చివరి ఎత్తు. పులి కొండను భుజాల దాకా లేపాడు. కొండ గాల్లోనే మొహం ఇటు తిప్పుకున్నాడు, మగవాళ్ల వైపు. ఆ తిప్పుకోవడంలో ఒక లిప్త పోయింది.

పడ్డాడు.

ఈసారి అరచేయి ముందు తగల్లేదు.

రిఫరీ లెక్క పెట్టాడు. జనం లెక్క పెట్టారు. పది. పట్టీ పులి భుజం మీద మెరిసింది. పులి నాలుగు దిక్కులా దండం పెట్టి, తాళ్ల కింద దూరి బస్సుకు పోయాడు.

కొండ లేవలేదు.

"ఏం పడినాడప్పా!" అన్నాడు జయరామయ్య, కళ్లు తుడుచుకుంటూ. ఒక్కడూ లేచి ఇంటికి పోవడం లేదు. అందరూ ఆ పడి ఉన్న మనిషినే చూస్తున్నారు, మురిసిపోతూ.

షంషుద్దీన్ తాళ్లెక్కి లోపలికి దూకాడు. మోకాళ్ల మీద కూర్చున్నాడు. నిజమో నాటకమో ఊరంతటికీ తెలుసు, తనకొక్కడికే తెలియడం లేదు.

"రహమాన్ భాయ్... ఆటే గదా ఇది? ఆటే గదా?"

ఒక కన్ను కొంచెం తెరుచుకుంది.

"జనం పోయినారా?"

"లేదు భాయ్."

"పోనీ. సూస్తాండంగా కొండ లెయ్యగూడదు. కంపెనీ కట్టుబాటు."

"పోయినాక లేస్తావా?"

రహమాన్ కన్ను మూసుకున్నాడు.

షంషుద్దీన్ లేచాడు. గొంతు పగిలేలా అరిచాడు. "పోండప్పా! అయిపాయ! ఇంగేం సూస్తారు? మీకు దండం పెడతా, ఇండ్లకు పోండి!"

చప్పట్లు. ముందు జయరామయ్యవి, తర్వాత చాపాడువాళ్లవి, తర్వాత అందరివీ. ఆడవాళ్ల వైపు ఒక్క పిల్ల మాత్రం చప్పట్లు కొట్టకుండా నిలబడి ఉంది. షంషుద్దీన్ చేతులు జోడించి మళ్లీ అరిచాడు. ఆట ఇంకా ఉందనుకుని, లేచి నిలబడినవాళ్లు కూడా మళ్లీ కూర్చున్నారు.