తనిఖీ వద్దనే ఆప్షన్

వదిన రాసిన టూల్ అంటే మరదలికి ప్రాణం. నల్లటి తెరమీద ఒక్క కమాండ్ కొడితే చాలు, వెబ్‌సైటుకు కావలసినవన్నీ సర్వర్‌లో వాటంతటవే అమరిపోతాయి. అయితే ముందుగా అది ఒక తనిఖీ చేస్తుంది. ఇచ్చిన డొమైన్ పేరు, అంటే సైటు చిరునామా, నిజంగా ఈ సర్వర్‌కే చేరుతోందా అని చూస్తుంది. చేరకపోతే అక్కడే ఆగిపోతుంది.

మరదలు కంప్యూటర్ పాఠాలు చెప్పే గదిలో ఇంటర్నెట్ లేదు. విద్యార్థులు సరదాగా పెట్టుకున్న పేర్లు ఏ సర్వర్‌కూ చేరవు. టూల్ ప్రతిసారీ మొండికేసింది. ఆమె ఫోన్ చేసింది.

"వదినా, నీ టూల్ మమ్మల్ని గడప తొక్కనివ్వట్లేదు. తనిఖీ వద్దని చెప్పడానికి ఒక ఆప్షన్ పెట్టవూ?"

"పెడితే తొందరలో అందరూ అదే వాడేస్తారే. పేరు ఒకచోట, సైటు ఇంకోచోట తేలితే నా ప్రాణం తీస్తారు."

"కోరి అడిగినవాళ్లకే తనిఖీ వదిలెయ్. హెచ్చరిక కూడా రాయి."

"నేను రాయడమేంటి? కోడ్ అందరికీ తెరిచే ఉందిగా, నువ్వే రాసి పంపు. చూస్తాను."

మరదలికి కాళ్లు నేలమీద ఆగలేదు. ఇన్నాళ్లూ ఇతరుల కోడ్ చూపించి పాఠం చెప్పడమే తప్ప, పదిమందీ వాడే టూల్‌లో ఆమె చెయ్యి పడింది లేదు. తరగతి అయ్యాక స్టాఫ్ రూంలో కూర్చుని, 'స్కిప్ డొమైన్ చెక్' అనే ఆప్షన్ చేర్చింది. కింద ఎర్రటి అక్షరాలతో హెచ్చరిక పెట్టింది. పంపేసి, కూర్చోలేక కుర్చీల చుట్టూ తిరిగింది.

కాసేపటికి వదిన ఫోన్ చేసింది. అవతలినుంచి నవ్వొక్కటే.

"ఏమైంది వదినా?"

"ఏం లేదమ్మా. తనిఖీ వద్దన్నవాళ్లని పట్టుకుని మరీ తనిఖీ చేస్తోంది. ఏమీ అననివాళ్లని హాయిగా పొమ్మంటోంది. తిరగేసి రాశావు తల్లీ."

మరదలు తెర చూసుకుంది. నిజమే, షరతులో ఒక్క 'కాదు' జారిపోయింది. సిగ్గుతో మొహం కప్పుకున్నా వేళ్ల సందుల్లోంచి నవ్వు తన్నుకొచ్చింది. ఒకరు ఆపితే ఇంకొకరు మొదలుపెడుతూ కడుపు నొప్పెట్టేదాకా నవ్వారు. పక్కగదిలోని గుమాస్తా తొంగిచూసి, సంగతేమిటో తెలియకుండానే తనూ నవ్వి వెళ్లాడు.

దిద్ది పంపితే, వదిన ఆప్షన్ పెట్టి ఒకసారి, పెట్టకుండా ఒకసారి నడిపి చూసి, టూల్‌లో కలిపేసింది.

మర్నాడు ఒక విద్యార్థిని తన సైటుకు 'మాపిల్లి డాట్ కామ్' అని పేరిచ్చి, కొత్త ఆప్షన్‌తో కమాండ్ కొట్టింది. ఎర్రటి హెచ్చరిక వచ్చింది గానీ పని ఆగలేదు. బ్రౌజర్‌లో ఆ గదిలోని సర్వర్ నంబరు కొట్టగానే బొద్దుగా ఒక పిల్లి ప్రత్యక్షమైంది. గది గోలెత్తిపోయింది. మరదలు వదినకు ఫోన్ కలిపి, ఆ గోల వినపడేలా ఎత్తి పట్టుకుని, మళ్లీ చెవికి ఆనించుకుంది.

"వింటున్నాలే," అంది వదిన. "టూల్ రాసినవాళ్ల జాబితాలో నీ పేరు కూడా చేర్చాను, చూశావా?"

"మేడమ్, నాది కూడా చూడండి" అని తరగతి మొత్తం పిలుస్తున్నా, మరదలు ఫోన్ దించలేదు.