బడి ముందర పడుగు

పట్టపగలు, బోర్డు బడి వాకిట్లో, పత్తిబండి ఒకటి తిమ్మక్క పాదం మీదుగా పోయింది.

అప్పుడే మధ్యాహ్నం గంట కొట్టారు. పిల్లలు రొట్టె మూటలు విప్పుకుంటున్నారు. కూతురు రుక్మిణికి జొన్నరొట్టె తెచ్చిన దేవమ్మ వాకిట్లో కాలు పెట్టిందో లేదో, ఎండుకట్టె విరిగినట్టు చప్పుడు. ఆ తర్వాత అరుపు. దేవమ్మ రొట్టె పారేసి పరుగెత్తింది. ముందు తన బిడ్డ ఎక్కడుందో చూసుకుంది. రుక్మిణి బడి గుమ్మంలో పలక పట్టుకుని నిలబడి ఉంది. దేవమ్మకు పోయిన ప్రాణం లేచొచ్చింది. మరుక్షణమే సిగ్గేసింది. దుమ్ములో పడి కొట్టుకుంటున్నది పరాయి పిల్లేం కాదు, నేతపేటలో పక్కింటి తిక్కయ్య కూతురు తిమ్మక్క. ఏడేళ్ళది.

ఆ పిల్ల పాదం ఇక నేల మీద ఆనదని సాయంత్రానికి ఆదోని ఆస్పత్రి నుంచి కబురొచ్చింది.

ఇది దేవుడు రాసిన రాత కాదు. అట్లా అనుకుని ఊరుకుంటే ఈ కథ చెప్పనక్కరే లేదు. ఎమ్మిగనూరులో ఆదోని రోడ్డుకూ షావుకారు మల్లికార్జునయ్య జిన్నింగు మిల్లుకూ మధ్యన ఉంది బడి. పత్తికాలంలో కోసిగి నుంచీ నందవరం నుంచీ బండ్లు బారులు తీరుతాయి. ముందొచ్చిన బండికే ముందు తూకం. రోడ్డు చుట్టూ తిరిగితే అరమైలు, బడి వాకిలి మీదుగా అయితే నాలుగంగలు. బడికి గోడ ఉంటే బండ్లు చచ్చినట్టు రోడ్డునే పోవాలి. ఆ గోడ కోసం, ఊరు బళ్ళారి జిల్లాలో ఉన్నప్పుడు బళ్ళారికి అర్జీ పెట్టారు. ఆంధ్ర రాష్ట్రం వచ్చాక కర్నూలుకు పెట్టారు. నిరుడు సర్కారు సొమ్ము మంజూరైంది. కంట్రాక్టు మల్లికార్జునయ్యకే దక్కింది. రాళ్ళు దిగాయి. నెల తిరక్కుండా ఆ రాళ్ళన్నీ మిల్లు గోదాము చుట్టూ లేచి నిలబడ్డాయి. పత్తికి గోడ వచ్చింది, పిల్లలకు రాలేదు.

మర్నాడు నేతపేట అంతా శేషన్న ఇంటి అరుగు ముందర చేరింది. శేషన్న ముసలి నేతగాడు. బళ్ళారిలో ఉండగా సంఘం పెట్టి రెండుసార్లు జైలు చూసి వచ్చినవాడు. బడి పంతులు శ్రీపాదరావు కూడా వచ్చాడు, పిలవకుండానే. అందరికీ వెనక, గోడ వారగా నిలబడ్డాడు.

"గోడ యాడ పాయ అయ్యవారూ?" తిక్కయ్య అడిగాడు. రాత్రంతా ఏడ్చిన గొంతు. "సర్కారు ఇచ్చినాది నిజమా కాదా?"

శ్రీపాదరావు కండువాతో ముఖం తుడుచుకున్నాడు. కండువాతో ముఖం తుడుచుకున్నాడు.

"ఇచ్చింది. గోడ కట్టినారని కాగితం మీద నేనే సంతకం పెట్టినా. పెట్టకపోతే ఆలూరు అవతలికి బదిలీ చేయిస్తానన్నాడు మల్లికార్జునయ్య. పిల్లలు గలవాణ్ణి, భయపడినా. ఆ సంతకమే ఎక్కి తొక్కిందప్పా నీ బిడ్డను."

తిక్కయ్య లేచాడు. కొడతాడనుకున్నారు. కొట్టలేదు. వచ్చి పంతులు పక్కన కూలబడ్డాడు.

"భయం నీకొకనికే ఉందా అయ్యవారూ," అన్నాడు శేషన్న. "ఈ పేటలో ముప్పావు వంతు మగ్గాలు ఆయప్ప నూలు మీదనే ఆడతాండాయి. నూలు ఆపితే మనకు గంజి లేదు. అది తెలిసే ఆయప్ప బండ్లు తోలతాండాడు."

"అయితే ఏం సెయ్యల్ల సెప్పు," అంది దేవమ్మ. అడిగాక తన గొంతు విని తనే జడుసుకుంది. మొగుడు కలరాలో పోయిన ఈ మూడేళ్ళలో నలుగురిలో నోరు విప్పడం ఇదే మొదలు.

"మనకు వచ్చిందే సేద్దాం," అన్నాడు శేషన్న. "పడుగు సాపుదాం."

నేత ఊళ్ళలో పుట్టినవాళ్ళకు చెప్పక్కర్లేదు. మగ్గానికి ఎక్కే ముందు నిలువు పోగుల పడుగును వీధి పొడవునా గుంజలకు లాగి కట్టి, గంజి పట్టించి, కుంచెతో దువ్వి ఎండబెడతారు. అది ఆరేదాకా దాన్ని ఎవరూ దాటరు. పెళ్ళివాళ్ళు చుట్టు తిరిగి పోతారు, పీనుగను మోసేవాళ్ళూ చుట్టు తిరిగే పోతారు. ఒక్క పోగు తెగినా ఒక ఇంటి కూడు పోయినట్టే. బండి తోలే రైతుకూ ఆ సంగతి తెలుసు.

తెల్లారి బడి గంట కొట్టేసరికి వాకిలికి అడ్డంగా నాలుగు పడుగులు లాగి ఉన్నాయి. దేవమ్మ కుంచె పట్టి దువ్వుతోంది. కుంచె కొస నుంచి గంజి బొట్లు బొట్లుగా కారుతోంది. మొదటి బండి వచ్చింది. తోలే రైతు పడుగును చూశాడు, పగ్గాలు బిగబట్టాడు.

"ఎంతసేపమ్మా?"

"బడి ఇడిసిందాకా," అంది దేవమ్మ. "ఒకటి ఆరితే ఇంకోటి కడతాం."

ఆయన బడి లోపలికి చూశాడు. పిల్లలు ఎక్కాలు చెబుతున్నారు. బండి వెనక్కి తిప్పి రోడ్డు పట్టాడు. ఆయన వెనకవాళ్ళూ తిప్పుకున్నారు.

ఆ సంబరం పొద్దెక్కేదాకా కూడా నిలవలేదు. మల్లికార్జునయ్య నడిచే వచ్చాడు. తెల్ల పంచె, నుదుట విభూతి, నవ్వు ముఖం. పోలీసులు లేరు, ఇద్దరు గుమాస్తాలే వెంట ఉన్నారు. పడుగును వేళ్ళతో మెల్లగా తడిమాడు.

"నూలు ఎవరిదప్పా?"

దేవమ్మ కుంచె దించింది.

"నాదే కదా. నా నూలు నాకిచ్చేయండి. నేతకిచ్చినా గానీ, అడ్డం కట్టమని ఇవ్వలేదే."

అప్పుడు తెలిసింది వాళ్ళకు చేసిన తప్పు. నేతగాళ్ళు మాత్రమే చేయగల తప్పది. నూలు ఇంట్లోకి వచ్చి, చేతుల మీదుగా నలిగి, పడుగై సాగాక అది తమదే అనుకుంటారు. కన్నబిడ్డ మీద చేయి వేసినట్టు చేయి వేస్తారు. అది ఎవడి సొత్తో ఆ క్షణంలో గుర్తే ఉండదు. గుమాస్తాలు నాలుగు పడుగులూ చుట్టుకుపోయారు. మళ్ళీ అడ్డం కట్టిన ఇంటికి ఇక నూలు రాదని చెప్పి మరీ పోయారు. మధ్యాహ్నానికి బండ్లు మళ్ళీ వాకిట్లో పడ్డాయి. పిల్లలు గది గోడకు బల్లుల్లా అతుక్కుని నిలబడ్డారు. రుక్మిణి ఇంటికొచ్చి పలక మూలన పెట్టింది.

"అమ్మా, నేను బడికి పోనే. బండి వస్తాంటే నాకు ఉచ్చ పడతాంది."

దేవమ్మ బిడ్డను దగ్గరికి తీసుకుంది. పోవద్దులే అనాలని నోటిదాకా వచ్చింది. ఆ మాట అంటే ఈ పిల్ల బతుకంతా మగ్గం గుంటలోనే, ఎవడి నూలో నేస్తూ. అనకపోతే చక్రం కింద. దేవమ్మ లేచి అటక మీది కుండ దించింది.

కుండలో చుట్టలు చుట్టిన నూలు చిలపలున్నాయి. మొగుడు కొన్నవి. ఎప్పటికైనా మన నూలుతో మనం నేసుకుందామనేవాడు. ఆయన పోయాక ఆకలి రోజులు ఎన్ని వచ్చినా దేవమ్మ వాటి జోలికి పోలేదు. చిలపలు కొంగులో వేసుకుని శేషన్న ఇంటికి పోయింది.

"ఇది ఆయప్పది కాదన్నా. నాది."

శేషన్న చిలప పట్టుకుని చూశాడు. "దేవమ్మా, దీన్ని తెంపుతారు. తెలుసు కదా నీకు."

"తెలుసు. నాకు శానా భయంగా ఉందన్నా. అయినా కడతా."

ఈ మాట పేటంతా పాకింది. సొంత నూలున్న ఇండ్లు వెతికితే ఆరు తేలాయి. ఒకామె పండగ చీరకని దాచుకుంది, ఒకాయన ఆదోని సంతలో అమ్మాలని ఉంచుకున్నాడు. అయిదు రోజులు పేట పేటంతా కలిసి పడుగు పోసింది. తిక్కయ్య గుంజలు చెక్కాడు. శ్రీపాదరావు కర్నూలుకు కాగితం రాశాడు, గోడ కట్టలేదని, తన సంతకం అబద్ధమని. రాసి పోస్టులో వేసి వచ్చాక అతనికి జ్వరం పట్టుకుంది.

ఆరో రోజు పొద్దున పడుగులు లేచాయి. ఈసారి వచ్చింది షావుకారు కాదు. సబ్ ఇన్‌స్పెక్టరూ పదిమంది పోలీసులూ. వాళ్ళ వెనక పత్తిబండ్లు ఆగి ఉన్నాయి.

"ఈ ముందరిది ఎవరిది?"

శేషన్న నోరు తెరవబోయాడు. అంతకు ముందే దేవమ్మ అంది.

"నాది సామీ."

"దారికి అడ్డం. తీసేయ్."

"ఇది దారి కాదు సామీ, బడి. గోడ కట్టండి, తీస్తాం."

ఇన్‌స్పెక్టరు చేయి ఊపాడు. పోలీసు ఒకడు కొడవలి ఎత్తి పడుగు నడిమికి వేశాడు. బిగిసి ఉన్న పోగులు ఒక్కసారిగా తెగి నేల మీద వాలిపోయాయి. మొగుడు పోయిన రోజు ఏడ్చినట్టు ఏడ్చింది దేవమ్మ. "కానీండి, తోలండి," అని అరిచాడు ఇన్‌స్పెక్టరు బండ్ల వైపు తిరిగి.

ఒక్క చక్రం కదల్లేదు. మొదటి రోజు బండి తిప్పుకున్న కోసిగి రైతే ముందున్నాడు. ఆయన దిగి కాడి విప్పేశాడు.

"తెగిన పడుగు తొక్కి నేను ఇంటికి పోలేను సారూ. నా మనవడు కూడా బడికి పోతాండాడు."

వెనక ఒక్కొక్కరే కాడి విప్పారు. అప్పుడు దేవమ్మ దుమ్ములో కూర్చుంది. తెగిన పోగు ఒకటి వెతికి పట్టుకుని, దాని జతను వెతికి పట్టుకుని, ముడి వేసింది. ఇంకొకటి. వేల పోగులున్నాయి. పేట ఆడవాళ్ళంతా వచ్చి అటూ ఇటూ కూర్చుని అతకడం మొదలుపెట్టారు. లాఠీలు లేచాయి. వీపుల మీద పడ్డాయి. చేతులు మాత్రం పోగులను వదల్లేదు.

శేషన్ననూ తిక్కయ్యనూ దేవమ్మనూ సంకెళ్ళు వేసి లేవదీశారు. ఆదోని సబ్‌జైలుకు తీసుకుపోయే మోటారు రోడ్డు మీద ఉంది. మోటారు ఎక్కుతూ దేవమ్మ వెనక్కి చూసింది. తను లేచిన చోట రుక్మిణి కూర్చుని ఉంది. పలక పక్కన పెట్టి, రెండు కొసలు చేత పట్టుకుని చూస్తోంది.

"అమ్మా, ముడి ఇట్లేనా?"

"అట్లే తల్లీ," అంది దేవమ్మ. "గట్టిగా లాగు. తెల్లారి మళ్ళీ కట్టల్ల."