లేని ముట్టు

"ఏందే, మళ్ళ బయట గూసున్నవా? మొన్ననే గదనే తలకు పోసుకున్నది!"

అత్తగారు వంటింటి గడపలోంచే కేకేసింది. పెరటి చివర కంచెకు ఆనుకున్న పాకలో చాప పరుచుకుంటున్న ఉప్పలమ్మ తల వంచుకుని, "ఏం జెయ్యనత్తా, అయిపాయె" అంది. అచ్చమైన అబద్ధం. నోట్లోంచి ఎంత సులువుగా వచ్చిందో, గుండెల్లో అంత బరువుగా కూర్చుంది.

వెంకటనారాయణ దంతెవాడలో రాజుగారి తహసీలు కచేరీ ముంషీ. కుంట తాలూకా వైపు నుంచి బదిలీ మీద వస్తూ తల్లినీ, పెళ్ళాన్నీ, చనిపోయిన అన్నగారి భార్య సోమక్కనూ వెంటబెట్టుకొచ్చాడు. ఆ ఇంట్లో ఆడదానికి పని తప్పేది నెలకోసారి ముట్టు వచ్చినప్పుడే. అప్పుడు పొయ్యి ముట్టకూడదు, బిందె ముట్టకూడదు, మనిషిని ముట్టకూడదు. లోకం దాన్ని మైల అంది. ఉప్పలమ్మకు మాత్రం అది సెలవు. మిగతా రోజుల్లో కోడి కూయకముందు లేచి, పేడ చల్లి, వడ్లు దంచి, కచేరీ నుంచి మొగుడు తెచ్చే అతిథులకు చాయ్ కాచి నడుము వాల్చేసరికి ఆ మొగుడే, "పొద్దంతా ఇంట్లనే ఉంటవు, నీకేం అలసట?" అనేవాడు. కొట్టినా బాగుండేదేమో.

కంచెకు అవతల జహూరాబీ ఉండేది. దర్జీ భార్య, భర్త పోయాక తనే సూది పట్టింది. ఫాగున్ మడయి జాతరకు ఊరూరి నుంచి దేవుళ్ళు గొడుగులతో దంతేశ్వరి గుడికి వస్తారు కదా, ఆ గొడుగుల అంచులకు జరీపని ఆమెదే. చూపు మసకబారుతోంది. పాకలో ఊరికే కూర్చున్న పిల్లను చూసి ఒకసారి కంచె మీదుగా పాత గుడ్డముక్క, ఒక సూది అందించింది. "ముట్టుకోవద్దు బీబీ, బయట ఉన్న" అంది ఉప్పలమ్మ. జహూరాబీ నవ్వింది. "మాక్కూడ ఆ దినాల్ల నమాజుకు ఛుట్టీయే బేటీ. సూదికి మాత్రం ఛుట్టీ లేదు."

అలా మొదలైంది. మామూలు దారం లాగినట్టు జరీని గుడ్డలోంచి లాగితే పైనున్న వెండి తీగ విడిపోయి లోపలి ఎర్ర దారం బయటపడింది. ముసలామె చేతిమీద చిన్న దెబ్బ వేసింది. "ఇది దూరి పోయే దారం కాదు. పైన పండుకోవాలె. దాన్ని కిందకెళ్ళి నూలుదారం పట్టుకుంటది." వారాలు పోగా చెయ్యి కుదిరింది. జహూరాబీ మామిడిపిందెలు గీసిస్తే ఉప్పలమ్మ వాటిని పక్కన పెట్టి ఇప్పపూలు గీసింది. బోర్లాపడిన బుగ్గలాంటి పువ్వు, దాని మీద ముడుచుకున్న తొడిమ. అలాంటి పని అప్పటిదాకా ఏ గొడుగు మీదా లేదు. జహూరాబీ గుడ్డను కళ్ళకు ఆనించుకుని చూసి, ఈ ఏడు అమ్మవారి గొడుగుకు ఎర్ర మఖ్మలు అంచు నువ్వే కుట్టు, అంది. ఉప్పలమ్మకు ఆ రోజు అన్నం సయించలేదు. సంతోషమే. తన పేరు మీద ఒక పని ఉందన్న సంతోషం.

కానీ ఇక్కడే చిక్కొచ్చింది. అది అమ్మవారి గుడ్డ. నిజంగా బయట ఉన్న రోజుల్లో దాన్ని ముట్టడానికి ఆమెకు ధైర్యం చాలలేదు. శుభ్రంగా ఉన్న రోజుల్లో చెయ్యి ఖాళీ లేదు. మడి మనిషికి తీరిక లేదు, తీరికున్న మనిషికి మడి లేదు. ఇక మిగిలింది లేని ముట్టును తెచ్చుకోవడమే.

తెచ్చుకుంది. మళ్ళీ మళ్ళీ తెచ్చుకుంది. కోడలి ఒంట్లో నెత్తురు నిలవడం లేదని అత్తగారు హడలిపోయింది. దోర్ల గూడెం మంత్రసాని మంగిని పిలిపించి ఏదో చెట్టు బెరడు కషాయం కాయించింది. నాలుక పగిలేంత చేదు. ఉప్పలమ్మ ఆ చేదును తనకు పడాల్సిన శిక్షే అనుకుని గుటక గుటకా మింగింది. దాంతో పోయిందా? అత్తగారు అమ్మవారికి మొక్కుకుని రాత్రి పూట అన్నం మానేసింది. రోజంతా సాధించే మనిషే, కానీ ఆ మనిషి తన అబద్ధం కోసం ఖాళీ కడుపుతో పడుకుంటోంది. "ముసల్ది నీకోసం పస్తులుంటున్నది, జర తగ్గించుకో" అన్నాడు వెంకటనారాయణ, ముట్టు ఆమె చేతిలోనే ఉన్నట్టు. ఈసారి ఆ మాట నిజమే కావడంతో ఆమె సిగ్గుతో చచ్చిపోయింది.

అత్తగారు కేకేసిన ఆ రోజు, చాప మీద కూర్చుని, పాక చూరులో దాచిన మఖ్మలు తీసి విప్పింది. అంచు చివర తాను కుట్టని పువ్వు ఒకటి ఉంది. ఎవరో జరీని గుడ్డలోంచి లాగారు. తీగ విడిపోయి, ఎర్ర దారం తేలి, పువ్వు గాయంలా ఉంది.

సోమక్క మోదుగాకు దొప్పలో అన్నం తెచ్చి దూరంగా పెట్టింది. ఆమె కళ్ళు మఖ్మలు మీదే ఉన్నాయి.

"అక్కా, దీన్ని ముట్టింది నువ్వేనా?"

సోమక్క చేతులు కొంగులో దాచుకుంది.

"ఎవరు ముట్టుమన్నరు నిన్ను? అమ్మవారి గుడ్డ ఇది! నీ చేతులు ఏందో, ఇది ఏందో! ఇంకోసారి ముట్టకు!"

అంటుండగానే ఉప్పలమ్మకు తన మాటలు తనకే వినిపించాయి. గొంతు తనదే, మాటలు అత్తగారివి.

సోమక్క చేతులు ముందుకు చాపి చూసుకుంది. డంకిని ఏటి నుంచి నీళ్ళు మోసి, బూడిదతో గిన్నెలు తోమి వేళ్ళ సందులన్నీ పగిలి ఉన్నాయి. "తడి ఆరినంకనే ముట్టిన చెల్లె," అంది మెల్లగా. "నువ్వు కుట్టంగ పాక తడిక సందుల్నించి చూసేదాన్ని. అల్కగ కనవడ్డది."

"అక్కా..."

"నీ ముట్టుగుడ్డలు కంచె మీద ఆరెయ్యంది నేను చూడలేదనుకున్నవా? అబద్ధపు బయట అని మొదటిసారే ఎరికైంది. అత్తకు చెప్పిన్నా? పోనీ, ఒక్కతన్న కూసుంటది అనుకున్న." దొప్పను కాస్త ముందుకు జరిపింది. "నాకు ముట్టు నిలిచిపోయి శానా కాలమాయె. నిలిచిందని తెలిసిననాడు అత్త ఏమన్నదో ఎరికేనా? ఇగ ఇంట్ల ఒక చెయ్యి ఎప్పటికి ఉంటది, మంచిదాయె, అన్నది. తిను, సల్లారుతది."

ఆమె వెళ్ళిపోయింది. కాసేపటికి రోకటి చప్పుడు మొదలైంది.

ఉప్పలమ్మ అన్నం ముట్టలేదు. ఇన్నాళ్ళూ తాను అత్తగారిని మోసం చేస్తున్నాననుకుంది, మొగుణ్ణి మోసం చేస్తున్నాననుకుంది, అమ్మవారికి లెంపలేసుకుంది. ఆ రోజులు వాళ్ళెవరివీ కావు. తాను కూర్చున్న ప్రతి రోజూ సోమక్క ఇద్దరు మనుషుల పని చేసింది. తాను కుట్టిన ప్రతి పువ్వు వెనక ఆమె బిందె ఉంది. ఆ బిందె చప్పుడు వింటూనే ఇప్పపూల తొడిమ వంపు సరిచేసుకుంటూ కూర్చుంది, సిగ్గులేకుండా. నిజం చెప్పేస్తే? సూది కంచె అవతలే ఉండిపోతుంది, తనకూ ఉండదు, సోమక్కకూ దక్కదు. చెప్పకపోతే ఆ రోకలి ఇలాగే దిగుతూ ఉంటుంది. మడయిలోగా అంచు పూర్తవుతుందో లేదో అన్న బెంగ మొదటిసారి ఆమెకు చిన్నదిగా కనిపించింది.

మఖ్మలు, సూది చాప మీదే వదిలి లేచి, పాక పక్క కుండలో నీళ్ళు తలారా పోసుకుంది. తడి జుట్టు ముడి వేసుకుని నేరుగా వంటింట్లోకి వచ్చి పొయ్యి ముందు కూర్చుంది. అత్తగారు నోరు తెరిచింది.

"అప్పుడేనా?"

"మంగి మందు పట్టిందత్తా. నెత్తురు ఆగిపాయె. ఇగ రాత్రి అన్నం తినుండ్రి, నా మీద ఒట్టు."

"తల్లి దయ!" ముసలామె చేతులు జోడించింది. ఆ కళ్ళలో నీళ్ళు చూడలేక ఉప్పలమ్మ పొయ్యిలో కట్టె ఎగదోసింది. అప్పుడే సోమక్క చంకన బిందెతో గుమ్మంలోకి వచ్చింది. ఉప్పలమ్మ ఆమె వైపు చూడకుండానే అంది.

"అక్క మాత్రం బయట జేరింది, అత్తా."

"ఏందీ? దానికి నిలిచిపోయి ఎన్నేండ్లాయె!"

"మళ్ళ మొదలైంది."

అత్తగారు చీర కుచ్చిళ్ళు దగ్గరికి లాక్కుని గోడకు అంటుకుపోయింది. "అయ్యో, ఆ నీళ్ళు! ముట్టుకోకే, ముట్టుకోకు, దూరం జరుగు!"

"ఆ నీళ్ళు పారబోసి, ఏటికి నేను పోయొస్త" అంది ఉప్పలమ్మ.

సోమక్క ఆమెనే చూస్తూ నిలబడింది. తర్వాత బిందెను గడప బయటే దించి, ఎవరినీ ముట్టుకోకుండా, పెరటి పాక వైపు నడిచింది.