కొయ్యముఖం లోపలి వైపు

కాలేజీలో ఆయన్ని బొంగరం మాస్టారనేవారు. కుర్చీలో కూర్చుంటే మోకాలు ఊగేది. ఊగడం ఆగితే లేచి కిటికీ దగ్గరికి పోయేవాడు. తప్పంతా ఆయనదే కాదు. ఆయన చదివేది దేవుళ్ల వేషాల గురించి, ఆ వేషాలు కట్టి ఆడే ఆటల గురించి. శిల్పాలూ చిత్రాలూ నేర్పే బొమ్మల శాఖవాళ్లు "అది నాటకం కదా" అనేవారు. నాటక శాఖవాళ్లు "అది భక్తి కదా" అనేవారు. ఏడాదికోసారి ఉద్యోగం పొడిగించినప్పుడల్లా ఆయన బల్ల ఒక అంతస్తు నుంచి ఇంకో అంతస్తుకు పోయేది. పాపం, మోసేది అటెండరు.

ఈసారి బొమ్మల శాఖలో పర్మనెంటు ఉద్యోగం పడింది. ఇక ఏడాది పొడిగింపులు ఉండవన్నారు.

"ఇవాళ శాఖ పెద్ద ముందైనా కుదురుగా కూర్చోండి," అంది భార్య, ఆయన ఒంటిమీదున్న చొక్కాకే గుండీ కుడుతూ. "కదిలారంటే కుర్చీకేసి కుట్టేస్తాను."

"కుట్టెయ్."

"ముందు కుర్చీ తెచ్చుకోండి మరి!"

శాఖ పెద్ద ఒకప్పుడు హాస్టల్లో ఆయన గదిలోనే ఉండేవాడు. మాస్టారు రాగానే తలుపు దగ్గరికేశాడు.

"ఒరేయ్ బొంగరం, ఈ ఉద్యోగం నీదే. ఒక్కటే మాట. నీ దగ్గరున్న ఆ దేవుడి వేషపు కొయ్యముఖం మన మ్యూజియానికి ఇచ్చెయ్. కమిటీ ఇంక నోరెత్తదు."

"అది నాది కాదురా. చదువుకుంటానని, ఆ వేషం కట్టే ఆటగాణ్ణి అడిగి తెచ్చాను. ఆటలు మొదలయ్యేలోగా ఇస్తానన్నాను."

"వాడికి కొత్తది చెక్కించి ఇద్దాం. ఇది అద్దాల బీరువాలో వందేళ్లుంటుంది."

మాస్టారు లేచాడు. కిటికీ దాకా వెళ్లొచ్చాడు. కొత్త గుండీని వేలితో తడిమాడు. సంచిలోంచి కొయ్యముఖం బయటికి తీశాడు. శాఖ పెద్ద చెయ్యి చాపాడు. ఇవ్వబోతూనే మాస్టారు అలవాటుకొద్దీ దాన్ని తిరగేశాడు.

లోపల నుదురు ఆనేచోటు చెమటకి నల్లబడి నున్నగా ఉంది. నోటి దగ్గర వెడల్పాటి చెక్కముక్క. ఆటగాడు దాన్ని పళ్లతో కరిచిపట్టుకుంటేనే ముఖం నిలుస్తుంది. ఒక అంచున ఆటగాడి తాతవి లోతైన పంటిగాట్లు, మధ్యలో ఒక పన్ను ఊడిన ఖాళీతో సహా. పక్కనే తండ్రివి. ఇప్పటివాడివి గోటితో తడిమితే గానీ తెలియవు.

"ఏంట్రా చూస్తావ్?"

"వీడివి ఇంకా పడలేదురా."

"ఏవి?"

"పళ్లు."

"నీకేమన్నా మతిపోయిందా? బీరువాలో పెట్టాక వెనకవైపు ఎవడు చూస్తాడు?"

"చూడకపోతే పోనీ. బీరువాలో పెడితే వీడి గాట్లు ఇంతటితో సరి."

"ఇంట్లో ఏం చెప్తావురా?"

"ఏం చెప్పినా తిడుతుంది," అన్నాడు మాస్టారు. ముఖాన్ని తువ్వాల్లో చుట్టి సంచిలో పెట్టుకున్నాడు. తువ్వాలు కొస సంచిలోకి దూరడానికి రెండుసార్లు తొయ్యాల్సొచ్చింది.

బయట అటెండరు చేతులు నలుపుకుంటూ నిలబడ్డాడు. "సారూ, బల్ల ఇక్కడే దించేయనా? ఈ తడవ పర్మనెంటేగా?"

"నీ నడుముకి పర్మనెంటు సెలవు. ఇంక మొయ్యక్కర్లేదు."

వాడు ముందు నవ్వాడు. మాస్టారి మొహం చూసి ఆపేశాడు.

ఆటగాడి ఊరి బస్సెక్కి, మాస్టారు సంచిని ఒళ్లో పెట్టుకున్నాడు. భార్యతో మొదటి మాట ఏమనాలో దొరకలేదు. మోకాలు ఊగడం మొదలెట్టింది. సంచిలోని ముఖానికి దెబ్బ తగులుతుందని, మోకాలిని రెండు చేతులా నొక్కిపట్టుకున్నాడు.