ఇథియోపియా సర్వపిండి

ఆ ఆదివారం పొద్దున నేరేడ్‌మెట్‌లో అనుపమ మేడం ఇంట్లో ఎవరెవరున్నారంటే: ఆఫీసు గదిలో తలుపు వేసుకుని ఫోన్లో మీటింగు నడుపుతున్న మేడం, వరండాలో పేపరు చదువుతూ చదువుతూ దాన్నే మొహం మీద కప్పుకుని నిద్రపోయిన ఆవిడ మామగారు రామ్మోహనరావు, పూజ ముగించి, తినడానికేముందా అని వాసన పడుతున్న అత్తగారు రాజ్యం, పెరట్లో గిన్నెలు తోముతున్న వంటమనిషి రుఖియా, హాల్లో తెల్ల ఏప్రాన్లు కట్టుకున్న ఎనిమిది మంది పిల్లలు. వీళ్లు కాక జన్నత్ కూడా ఉంది. ఉన్నా లేనట్టు ఉండటంలో ఆమె చిన్నప్పుడే ఆరితేరింది కాబట్టి, చివర్లో చెప్పినా అన్యాయమేమీ లేదు.

జన్నత్‌కు పదహారేళ్లు. ఆలేరు అవతల ఒక ఊళ్లో పదో తరగతి దాకా చదివింది. బడిలో సారు హాజరు పిలిచినప్పుడల్లా ఆమె పలికేది. సారుకు వినబడక గైర్హాజరు వేసేవారు. ఏడాదిలో ఒక్కరోజూ మానకుండా వెళ్లి, హాజరు చాలని పిల్లల జాబితాలో మొదటి పేరు సంపాదించుకుంది. ఈ ఘనత ఆమె తన డైరీలో స్వయంగా రాసుకున్నదే.

రుఖియా ఆమెకు చిన్నమ్మ. ఇంటరు సికింద్రాబాద్‌లో చదువుతానని జన్నత్ మూడు నెలలు రాత్రి తిండి మాని, అదీ ఎవరికీ చెప్పకుండా మాని, చివరికి నాన్నను ఒప్పించింది. సీతాఫల్‌మండిలో చిన్నమ్మది ఒక్క గది ఇల్లు. ఊరికే కూర్చుని తినొద్దు, ఏదైనా పని దొరికితేనే ఉండు, లేకపోతే వచ్చి తీసుకుపోతానని నాన్న షరతు పెట్టాడు. అనుపమ మేడం ఆదివారాలు పిల్లలకు వంట నేర్పుతుంది. వారానికో దేశం. మైదా ఉండదు, చక్కెర ఉండదు, కూరగాయలు మాత్రం దండిగా ఉంటాయి. దానికి సాయం మనిషి కావాలంటే రుఖియా తన అక్క కూతుర్ని తెచ్చి నిలబెట్టింది.

మూడు వారాలు చూస్తానంది మేడం. మొదటి వారమే చేతిపనికి వంక లేదని తేల్చేసింది. "కానీ పిల్లలతో మాట్లాడాలి జన్నత్. మిక్సీ అయినా కాస్త సౌండ్ చేస్తుంది" అంది. ఆ రోజు డైరీలో ఇలా ఉంది: "ఇవాళ మాట్లాడిన మాటలు నాలుగు. మూడు 'ఊఁ'లు. నాలుగోది పిల్లితో."

ఇది మూడో ఆదివారం. దేశం ఇథియోపియా. మేడం గోడకు ఆ దేశం జెండా అంటించి పిల్లలకు చెప్పింది. అక్కడ ఇంజెరా అని ఒక రొట్టె ఉంటుందట. పిండిని రోజుల తరబడి పులియబెట్టి పోస్తారట. ఒంటినిండా కళ్లున్నట్టు చిల్లులుంటాయట. అందరూ ఒకే పళ్లెంలో తింటారట, ఎవరికైనా మర్యాద చేయాలనుకుంటే ముక్క తుంచి వాళ్ల నోట్లో పెడతారట. అక్కడి గింజలు ఇక్కడ దొరక్క, మేడం రాగి, జొన్న పిండి కలిపి మూడు రోజులుగా పులియబెట్టింది. ఇంతలో ఫోను మోగింది. పెనం మీద పోసి చూపించమని, పిల్లలతో మాట్లాడుతూ ఉండమని, తనను మాత్రం పిలవొద్దని చెప్పి తలుపేసుకుంది.

హాల్లో బల్ల మీద పెట్టిన స్టవ్ దగ్గర నిలబడి జన్నత్ పోసింది. మొదటిది పెనానికి అతుక్కుంది. రెండోది మొదటిదానికి అతుక్కుంది. మూడోది అట్లకాడను వదిలి రానంది. ఎనిమిది మంది కళ్లప్పగించి చూస్తున్నారు. ఇంకెవరైనా అయితే వెళ్లి తలుపు కొట్టేవాళ్లు. జన్నత్‌కు తలుపు కొట్టడం కన్నా పెనం మీద చెయ్యి పెట్టడం సులువనిపించింది.

నోరు పనిచేయనప్పుడు ఆమె చేతులు వాటంతటవే ఊరికి పోతాయి. పులిసిన పిండి పారబోయడం వాళ్లింట్లో లేదు. అందులో బియ్యప్పిండి పోసి గట్టిగా పిసికింది. కూర కోసం తురిమి పెట్టిన సొరకాయ, క్యారెట్ వేసింది. నువ్వులు, పల్లీలు, ఉల్లికాడలు వేసింది. మందపాటి గిన్నెకు నూనె రాసి, ముద్దను లోపలంతా పలచగా ఒత్తి, వేలితో చిల్లులు పెట్టి, ఒక్కో చిల్లులో చుక్క నూనె వేసి, మూతపెట్టి మంట తగ్గించింది. వేడి గిన్నెలో మళ్లీ ఒత్తితే చెయ్యి కాలుతుంది. అందుకే ఊళ్లో అమ్మ నాలుగు గిన్నెలు వరసగా పెట్టుకుంటుంది. జన్నత్ కూడా మేడం అపురూపంగా దాచుకున్న విదేశీ గిన్నెలన్నీ అలమరలోంచి దించేసింది. చిల్లులు పెట్టే పని పిల్లలకు తెగ నచ్చింది. ఆమె ఒక వేలు చూపిస్తే ఎనిమిది వేళ్లు లేచాయి.

మొదటిది ఎర్రగా కాలి గిన్నెను వదిలింది. అందరికన్నా చిన్నది హదస్సా, ఇందాక విన్న మర్యాద గుర్తుంచుకుని, పెద్ద ముక్క తుంచి జన్నత్ నోట్లో కుక్కింది. సరిగ్గా అప్పుడే మోయిజ్ నోటుబుక్కు తెరిచాడు. విన్నదల్లా రాసుకుని మర్నాడు బడిలో అప్పజెప్పే పిల్లవాడు.

"అక్కా, ఇంజెరా అంటే ఇదేనా? చిల్లులున్నయ్ కదా."

జన్నత్ తలూపింది. నోటినిండా తిండి ఉంది మరి. నోరు ఖాళీగా ఉన్నా చేసేది అదేనని ఆమెకు తెలుసు.

ఎనిమిది మందీ రాసుకున్నారు. బొమ్మలు గీశారు. క్యారెట్ చూస్తేనే మొహం తిప్పుకునే శ్రీలేఖ మూడు ముక్కలు తిని, పెద్దయ్యాక ఇథియోపియాలోనే ఉంటానంది. మోయిజ్ రేపు క్లాసులో నిలబడి అందరికీ చెబుతానన్నాడు. ఒక్క తలూపుతో అమ్మ వంటను సముద్రం దాటించిన జన్నత్, గిన్నెలు పట్టుకుని వంటింట్లోకి పారిపోయింది. సాంఘిక శాస్త్రంలో తనకొచ్చిన మార్కులకు ఇది తగిన పనే అనుకుంది.

మేడం గది లోంచి వచ్చింది. చూపు ఫోన్లోనే ఉంచి ఒక ముక్క నోట్లో వేసుకుంది. గట్టిగా వచ్చింది గానీ పులుపు సరిపోయిందంది. పిల్లల పుస్తకాలు చూసి వంటింటి గుమ్మంలోకి వచ్చింది.

"పిల్లలు ఇంత ఎంజాయ్ చేశారంటే నువ్వు బాగా మాట్లాడావన్నమాట. ఇంక ప్రతి సండే నువ్వే. ఐదు నిమిషాల్లో కాల్ ముగించి, పేరెంట్స్ గ్రూపులో ఫోటోలు పెడతా" అని మళ్లీ తలుపేసుకుంది.

రుఖియా తడి చేతులతో పెరటి గుమ్మంలో నిలబడి అంతా విన్నది. గిన్నె అడుగున మిగిలిన పెచ్చు గీకి నోట్లో వేసుకుంది.

"ఏందే, మన సర్వపిండిని ఏ దేశం తోలినవ్?" అంది నెమ్మదిగా. "సరే, పని దొరికింది గదా. నోర్మూసుకో. నీకదేం తక్లీఫ్ కాదు."

అప్పుడొచ్చింది రాజ్యం. చివరి ముక్క తీసుకుని, ఉన్న నాలుగు పళ్లతో నమిలింది.

"తపాలచెక్క ఇది. మా అమ్మ చేసేది. ఇథియోపియా వాళ్లు మా తణుకు ఎప్పుడొచ్చారే?"

జన్నత్ చేతిలో గిన్నె కింద పెట్టింది. తర్వాత ఆ ఇంట్లో తన మొట్టమొదటి పూర్తి వాక్యం పలికింది. "మేం సర్వపిండి అంటం అమ్మమ్మా. ఇదేనా అని అడిగితే తలూపిన."

"అయితే వెళ్లి ఆ ముక్క పిల్లలకు చెప్పు."

"పని పోతది."

"పోవచ్చు. కోడలు నా మాట వినదు, నేనేం అడ్డుపడలేను. కానీ రేపు ఆ కుర్రాడు బళ్లో లేచి చెబుతాడు. క్లాసు క్లాసంతా వాణ్ని చూసి నవ్వుతుంది."

క్లాసంతా నవ్వితే ఎట్లా ఉంటుందో జన్నత్‌కు ఎవరూ వివరించనక్కర్లేదు. డైరీలో దానికి పదకొండు పేజీలున్నాయి. కాగితం మీద రాసిస్తాను, మీరు చదివి వినిపించండి అని బతిమాలింది. కళ్లద్దాలు ఎక్కడ పెట్టానో గుర్తులేదంది రాజ్యం. అవి ఆవిడ ముక్కు మీదే ఉన్నాయి.

రాజ్యం ఆమె మణికట్టు పట్టుకుని హాలు గుమ్మం దాకా నడిపించింది. పిల్లలు తలలెత్తారు. మోయిజ్ పెన్సిల్ సరిచేసుకున్నాడు. ఆఫీసు గదిలో కుర్చీ జరిగిన చప్పుడైంది.

జన్నత్ గిరుక్కున వెనక్కి తిరిగింది.

"అమ్మమ్మా, జెర మంచినీళ్లు తాగొస్త."

"చెప్పాక తాగుదువుగాని" అంటూ రాజ్యం ఆమెను హాల్లోకి నెట్టి, తలుపు మూసి, వంటింటి వైపు నుంచి గడియ పెట్టింది.