తీసేసిన ప్రశ్న

ప్రిన్సిపాల్ వెంకటనారాయణ గారు సర్వే కాగితాన్ని మొదటి నుంచీ శ్రద్ధగా చదివారు. నిద్ర పడుతోందా, అన్నం సయిస్తోందా, చదువు మీద మనసు నిలుస్తోందా అన్న ప్రశ్నలన్నీ ఆయనకు నచ్చాయి. చివరి ప్రశ్న దగ్గరకు వచ్చేసరికి కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు.

“ఇదేంటండీ అశ్విని గారూ? చచ్చిపోవాలనిపిస్తోందా అని పిల్లల్ని అడుగుతారా? శుభమా అంటూ సెమిస్టర్ మొదలవుతుంటే ఈ మాటేంటండీ! లేని ఆలోచన మనమే పుట్టించినట్టవుతుంది. ఇది తీసేయండి, రేపే పర్మిషన్ ఇస్తాను.”

అశ్విని మనస్తత్వశాస్త్రంలో పరిశోధన చేస్తోంది. కాలేజీ పిల్లల్లో దిగులు జబ్బు ఎంత ఉంది, ప్రాణం తీసుకోవాలన్న ఆలోచన ఎలాంటివాళ్ళను పట్టుకుంటుంది అన్నది ఆమె విషయం. మాదాపూర్ చుట్టుపక్కల ఆమె తిరిగిన కాలేజీలన్నీ “మా పిల్లలకేం, హాయిగా ఉన్నారు” అని గేటు దగ్గరి నుంచే సాగనంపాయి. అడిగినంత మాత్రాన ఆ ఆలోచన పుట్టదని పరిశోధనలు చెబుతున్న సంగతి ఆమె చదువుకున్నదే. అయినా “సరే సార్” అంది. గైడ్ ప్రియదర్శిని మేడంకు తర్వాత నచ్చజెప్పుకోవచ్చులే అనుకుంది.

నిజం చెప్పాలంటే అశ్వినికి లోలోపల హాయిగానే అనిపించింది. లింగంపల్లిలో వాళ్ళింట్లో “ట్రాఫిక్‌లో చచ్చానమ్మా” అని మాటవరసకు అన్నా తల్లి వీరలక్ష్మి ఊరుకోదు. “శుభం పలకవే, తథాస్తు దేవతలుంటారు” అని నెత్తిన మొట్టుతుంది. చదివిన పుస్తకాలు ఎన్నయితేనేం, పెరిగిన ఇల్లు ఎక్కడికి పోతుంది? ఆ మాట పలకాల్సిన పని తప్పినందుకు ఆమె మనసు తేలికపడింది. మనలో ఎంతమందిమి ఇలా తేలికపడటం లేదు గనుక!

సర్వే నవ్వుల మధ్య జరిగిపోయింది. కాలేజీ ఫీడ్‌బ్యాక్ కాగితాల్లో అన్నీ “చాలా బాగుంది” అని టిక్కులు పెట్టడం అలవాటైన పిల్లలు ఇక్కడా అదే చేశారు. పక్కవాడి కాగితం చూసి పెట్టినవాళ్ళూ ఉన్నారు. గంట కొట్టగానే క్లాసు ఖాళీ అయింది. ఒక్క అమ్మాయి మాత్రం బెంచీ దగ్గరే ఉండిపోయింది. పేరు రేణుక, రెండో సంవత్సరం. నాన్న ఓ అపార్ట్‌మెంటుకు వాచ్‌మన్, అమ్మ బాలమ్మ మాదాపూర్‌లోని ఓ ఐటీ ఆఫీసులో హౌస్‌కీపింగ్ పని చేస్తుంది. ఖాజాగూడలో కిరాయి గదిలో ఉంటారు.

“మేడం, ఇండ్ల ఒక ప్రశ్న తక్కువున్నది గదా?” అంది రేణుక.

అశ్విని గతుక్కుమంది. “నీకెలా తెలుసు?”

“ఫోన్‌ల చూసిన మేడం. మనసు మంచిగలేదని నెట్ల వెతికితే గిట్లాంటి ప్రశ్నలే ఉండె, మొత్తం నింపిన. ఆఖర్ల ఇంకోటి ఉండె.” ఆ పిల్ల తల దించుకుంది. “సర్వే ఉన్నదని నిన్న క్లాసుల చెప్పిండ్రు. మీరు గది అడుగుతరని ఇయ్యాల కాలేజీకొచ్చిన.”

ఇప్పుడు ఆ మాట అశ్విని తన నోటితోనే అడగాలి. ఏమైనా ఇబ్బందులున్నాయా అనో, ఒంట్లో బాగాలేదా అనో అడిగి గట్టెక్కవచ్చు. ఆ పిల్ల ‘ఏం లేదు మేడం’ అని వెళ్ళిపోతుంది. ఎక్కడికి వెళుతుందో ఎవరికి తెలుసు? అశ్విని వెళ్ళి ఆమె పక్కనే కూర్చుంది.

“రేణుకా, నీకు చచ్చిపోవాలనిపిస్తోందా?”

“అనిపిస్తది మేడం.”

అంతే, కట్ట తెగినట్టు ఏడ్చింది. అశ్విని ఆపలేదు. కాసేపటికి రేణుకే చెప్పుకొచ్చింది.

“ఊర్ల బడిల నేనే ఫస్టుండె. ఈడ ఇంగ్లీషుల చెప్తుంటే సగం సమజ్ కాదు. సబ్జెక్టులు పోయినయి. మా అమ్మేమో ఆఫీసుల అందరికి చెప్పుకున్నది, మా బిడ్డ మెడల కార్డేసుకొని గీ ఆఫీసుకే వస్తదని. ఆమెకు మొఖమెట్ల చూపియ్యాలె? బతకబుద్ధైతలేదమ్మా అని చెప్దామనే చూసిన. నోరు తెరవంగనే ‘దీపం పెట్టే యాళ్ల గా మాటలేంది బిడ్డా’ అంటది. ఇగ ఎవరికి చెప్పాలె?”

అశ్వినికి సిగ్గేసింది. రాసుకున్న ప్రశ్నను తన చేతులతోనే కొట్టేసింది కదా! ఈ పిల్ల ఉండిపోకుండా అందరితోపాటు వెళ్ళిపోయి ఉంటే?

“నాతో చెప్పి మంచి పని చేశావు. నిన్ను ఒక్కదాన్నే వదలను. ఇప్పుడే డాక్టర్ దగ్గరికి వెళదాం. అమ్మకు నేను ఫోన్ చేస్తాను, సరేనా?”

రేణుక కళ్ళు తుడుచుకుని తలూపింది.

గైడ్ ప్రియదర్శిని మేడం మానసిక వైద్యురాలు కూడా; అశ్విని రేణుకను ఆమె దవాఖానకే తీసుకెళ్ళింది. ప్రశ్న తీసేసిన సంగతి విని అశ్వినిని ఒక్క చూపు చూసింది. ఆ చీవాట్లు తర్వాతకు దాచుకుని ముందు రేణుకను పరీక్షించింది. అంతలో బాలమ్మ పని బట్టల్లోనే ఉరుకులు పరుగుల మీద దవాఖానకు వచ్చింది.

“ఇది కూడా జబ్బేనమ్మా, మందులతో, మాటలతో తగ్గుతుంది” అంది డాక్టర్. “కొన్నాళ్ళు ఒంటరిగా వదలొద్దు. రోజూ దగ్గర కూర్చోబెట్టుకుని, చచ్చిపోవాలనిపిస్తోందా అని సూటిగా అడుగు. అవునంటే వెంటనే నాకు ఫోన్ చెయ్యి.”

బాలమ్మ చెవులు మూసుకుంది. “వద్దు డాక్టరమ్మా! కన్నతల్లిని, నేనే గా మాట అనాల్నా? నా నోట్లకెల్లి రాదు.”

“పిల్లకు ఒళ్ళు వెచ్చగా ఉంటే నుదుటి మీద చెయ్యి వేసి చూస్తావా లేదా? చెయ్యి వేసినందుకు జ్వరం వస్తుందా?”

బాలమ్మ గోడ వైపు తిరిగి కొంగుతో మొహం తుడుచుకుంది. తర్వాత కూతురి గడ్డం పట్టుకుని తన వైపు తిప్పుకుంది.

“బిడ్డా… సావాలనిపిస్తున్నదా?”

“ఇప్పుడు జర తక్కువున్నదే అమ్మా.”

“కొలువు మన్నుల పోనీ. నువ్వుంటె సాలు నాకు” అని బాలమ్మ కూతుర్ని కరుచుకుని ఏడ్చింది.

మరుసటి వారం అశ్విని మళ్ళీ ప్రిన్సిపాల్ గదికి వెళ్ళింది. ఈసారి కాగితంలో ఆ ప్రశ్న ఉంది.

“సార్, ఇది లేకుండా చేసిన సర్వే దండగ. నాదే తప్పు. మళ్ళీ చేస్తాను. సర్వే జరిగే రోజు డాక్టర్ కాలేజీలోనే ఉంటారు. అవునని చెప్పినవాళ్ళను అప్పటికప్పుడే చూస్తారు.”

“మన కాలేజీలో అలాంటివాళ్ళెవరున్నారండీ? ఉంటే పేరు చెప్పండి.”

“ఉన్నారు సార్. పేరు మాత్రం చెప్పను. చెబితే రేపు ఇంకెవరూ నోరు విప్పరు. తల్లితో చెప్పుకోలేనిది, అడిగేసరికి నాతో చెప్పుకున్నారు.”

వెంకటనారాయణ గారు కాగితాన్ని చివరి ప్రశ్న దాకా మళ్ళీ చదివారు. చివరికి సంతకం చేశారు. అశ్విని లేచి తలుపు దాకా వెళ్ళింది.

“ఒక్క నిమిషమండీ. మా అబ్బాయీ బీటెక్కే, వేరే కాలేజీలో. ఈ మధ్య ఎప్పుడు చూసినా గది తలుపు వేసుకుని ఉంటున్నాడు. స్నేహితులు వచ్చినా బయటికి రాడు. ఫోను పిచ్చిలే అని ఊరుకున్నాను.” ఆయన మళ్ళీ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. “వాణ్నీ అడగమంటారా?”

“ఈ సాయంత్రమే అడగండి సార్. అడిగినందుకు చావు రాదు. మనం అడగకపోతేనే, పిల్లలు ఆ మాటను ఒంటరిగా మోసుకు తిరుగుతారు.”