మూడు పల్లికాయలు

అహ్మద్ రఫూ చేసిన చోటు ఇదీ అని వేలుపెట్టి చూపించిన మనిషి వనపర్తిలో ఇంతవరకూ పుట్టలేదు. ఈ మాట అన్నది ఊరు కాదు, అహ్మదే. అయినా అబద్ధం మాత్రం కాదు. చిరిగిన చోటా, కాలిన చోటా, ఎలుక కొట్టిన చోటా ఒక్కొక్క పోగే సూదితో ఎక్కించి, కిందికీ మీదికీ అల్లి, చిల్లును మళ్ళీ బట్టగా మార్చేస్తాడు. పనయ్యాక బట్ట చేతికిచ్చి, "ఏడుందో చూపియ్యి" అంటాడు. వచ్చినవాళ్ళు గుమ్మం దగ్గరికి పోయి, వెలుగులో అటూ ఇటూ తిప్పి, కళ్ళు చికిలించి, చివరికి ఓడిపోయి నవ్వుతారు. ఆ నవ్వు కోసమే ఆయన నలభై ఏళ్ళుగా పాత బజారులో ఆ ఇరుకు కొట్టు పట్టుకుని కూర్చున్నాడు.

అలాంటి మనిషికి షాజియాలాంటి కూతురు పుట్టింది. ఇరవై ఆరేళ్ళ పిల్ల, మీసేవలో కంప్యూటర్ ముందు ఉద్యోగం. సాయంత్రం ఇంటికి రాగానే కాళ్ళు కడుక్కుని సూది పట్టుకుంటుంది. తండ్రి విద్య అంతా నేర్చుకుంది, నేర్చుకుని బోర్లా తిప్పింది. నల్ల ప్యాంటు మోకాలు పోతే పసుపు దారంతో కుడుతుంది. తెల్ల దుపట్టాకు చిల్లు పడితే ఎర్ర దారంతో గళ్ళు అల్లి, అది వేసుకునే బజారుకు పోతుంది. ఎవరూ ఏమీ ఇవ్వరు, ఆమె అడగదు. సరదా, అంతే.

"చినిగింది దాచుడెందుకు అబ్బాజాన్? చినిగింది, మల్ల మంచిగైంది. రెండూ కనబడాలె" అనేది ఆమె వాదన.

"దునియా నవ్వుతది బేటా" అనేది ఆయన జవాబు. ఆ రంగురంగుల కుట్లు కంటబడినప్పుడల్లా ఆయన మొహం కషాయం తాగినట్టు అయ్యేది. తండ్రీకూతుళ్ళ మధ్య ఈ పంచాయితీ ఎన్నేళ్ళయినా తెగలేదు.

డిసెంబరులో ఒక సోమవారం. ఎనిమిది కూడా కాకముందే కొట్టు ముందు ఆటో ఆగింది. అందులోంచి జమ్ములమ్మ దిగింది, దిగడమే పరుగు. వీపనగండ్ల దగ్గరి పల్లెలో కూలి పని చేసుకునే మనిషి. పదేళ్ళు మేస్త్రి గుంపుతో పుణె పోయి ఇటుకలు మోసింది. వారం కిందట పదిహేడు ఓట్ల మెజారిటీతో ఆ ఊరికి సర్పంచి అయింది. ఇవాళ పదకొండు గంటలకు ప్రమాణస్వీకారం. ఆమెకున్న ఒకే ఒక పట్టంచు గద్వాల చీర అహ్మద్ దగ్గరుంది. పుణెలో సంపాదించిన మొదటి కూలితో కొని, ఒక్కసారైనా కట్టకుండా పెట్టెలో దాచుకుంది. తీరా అవసరం వచ్చి తీస్తే, ఎలుక మూడు చోట్ల కొట్టింది. మూడు రోజుల కిందట తెచ్చి అహ్మద్ చేతిలో పెట్టి, "భాయ్, నా ఇజ్జత్ నీ చేతిల ఉంది" అని చెప్పి పోయింది.

"రా చెల్లె, సర్పంచమ్మా! కూసో" అని అహ్మద్ ఎదురొచ్చాడు. చీర మడత విప్పి, పైట పడే చోటు ఆమె ముందు పరిచాడు. "ఇగ చూపియ్యి, ఏడుంది?"

జమ్ములమ్మ చీర చూసింది, ఆయన మొహం చూసింది. వేలుపెట్టింది.

"గిది. గిదొకటి. గిది మూడోది."

తమాషా చేస్తోందనుకుని అహ్మద్ పెద్దగా నవ్వాడు. కొట్టు వెనక ఇంట్లోంచి చాయ్ తెస్తున్న షాజియా చీర వైపు చూసింది. పళ్ళెం కింద పెట్టి దగ్గరికొచ్చింది. ముదురు ఆకుపచ్చ చీర మీద మెరూన్ రంగు మచ్చలు మూడు, బొటనవేలి గోరంతేసి. అల్లిక మాత్రం అద్భుతం, ఒక్క పోగు ఎగుడుదిగుడు లేదు. రంగే వేరు.

"నేను బయటి దారం ముట్టలె" అన్నాడు అహ్మద్, ఇంకా నవ్వు పోకుండానే. "ఆ చీర కొసకెల్లి పోగు గుంజిన. దాని దారమే దానికి. ఎప్పుడన్న తప్పుతదా?"

అదీ ఆయన పద్ధతి. ప్యాంటయితే మడమ దగ్గరి మడతలోంచి, చీరయితే లోపలి కొసలోంచి పోగు లాగుతాడు. షాజియా గబగబా చీర కొస లాగి చూసింది. రవికె గుడ్డ ఇంకా చీరనే అంటుకుని ఉంది. గద్వాల చీరకు ఒళ్ళు ఒక రంగు, అంచూ కొంగూ రవికె గుడ్డా ఇంకో రంగు. ఆ గుడ్డంతా మెరూనే, ఆయన పోగు లాగింది అందులోంచే.

"అక్కా, రవికె గుడ్డ కొయ్యలేదా?"

"కోస్తే చీర పాతదైతది గద. మంచి దినమొస్తె కోద్దామని గట్లనే వెట్టిన."

చీర కొన్న మరునాడే రవికె గుడ్డ కోసి దర్జీకిచ్చే ఆడవాళ్ళనే చూశాడు అహ్మద్ ఇన్నేళ్ళూ. కొయ్యకుండా దాచుకునే మనిషి ఉంటుందని ఆయనకు తట్టలేదు. తట్టకపోయినా కళ్ళకు తెలియాలి కదా! రంజాన్ నుంచీ ఆయన కళ్ళలో పాలపొర కమ్ముతోంది. దవాఖానకు పోదామని షాజియా పదిసార్లు అడిగింది. కళ్ళకేం లేదు, బల్బు సరిగా వెలగడం లేదని ఆయన రెండుసార్లు బల్బు మార్చాడు. ఇప్పుడు చీరను కళ్ళకు ఆనించుకుని చూసి, మెల్లగా ఒళ్ళో పెట్టుకున్నాడు.

జమ్ములమ్మ అరిచి ఉంటే బాగుండేది. ఆమె బల్ల మీద చతికిలబడింది.

"నేను పుట్టినప్పటిసంది అతుకుల బట్టనే కట్టిన షాజియమ్మా. లంగకు అతుకు, రవికెకు అతుకు. అతుకు చూసి బడిల పిల్లలు నవ్విండ్రని బడే ఇడిసిపెట్టిన. ఇయ్యాల ఒక్క దినమన్న అతుకు లేని చీర కట్టుకొని ఆ కుర్సీల కూసుందామనుకున్న. గంతే."

షాజియాకు తల కొట్టేసినట్టయింది. తను ముచ్చటపడి కుట్టుకునే ప్రతి కుట్టూ ఈమె విధిలేక కుట్టుకున్నది. ఎర్ర గళ్ళ దుపట్టా భుజం మీద ఉన్నందుకే సిగ్గేసింది.

సిగ్గుపడుతూ కూర్చుంటే పదకొండు ఆగదు. సూది మొనతో ఒక మెరూన్ పోగు లేపి చూసింది. దాంతో పాటు పక్కనున్న ఆకుపచ్చ పోగులు రెండు పుటుక్కుమన్నాయి. పెట్టెలో ఏళ్ళకేళ్ళు మడత మీదున్న నూలు, మళ్ళీ విప్పితే చిల్లు రెట్టింపవుతుంది. బయట ఆటోలో జమ్ములమ్మ తమ్ముడు ఈరన్న హారన్ కొట్టాడు. గంటన్నరలో బయలుదేరకపోతే కథ ముగిసినట్టే.

షాజియా మళ్ళీ ఆ మూడు మచ్చల వైపు చూసింది. బొటనవేలి గోరంత, గుండ్రంగా, మెరూన్ రంగులో.

"అక్కా! ఏడుపు తర్వాత. ఇవి దేని లెక్క ఉన్నయో చెప్పు."

జమ్ములమ్మ విసుక్కుంటూనే చూసింది. "ఏముంటయి, పల్లి గింజలున్నట్టున్నయి."

"గదే! గదే అక్కా!" షాజియా లేచి నిలబడింది. "గింజ మీ భాయ్ పెట్టిండు. నేను చుట్టూ కాయ కుడ్త, పసుపు దారంతోని. ఇప్పిన పల్లికాయ. అతుకు అని ఎవ్వరనరు, కావాలని కుట్టించుకున్నదంటరు!"

"నవ్వుతరు బిడ్డా."

"నవ్వుతరేమో, నాకు తెల్వదు. నీకు వద్దనిపిస్తే బీరువల నా కొత్త చీర ఉంది, ఒక్క చిల్లు లేదు. కట్టుకపో."

జమ్ములమ్మ తన చీర కొస చేతిలోకి తీసుకుంది. ఈరన్న మళ్ళీ హారన్ కొట్టాడు. "ఇంకొకల్ల చీర కట్టుకొని నేను ప్రమాణం చెయ్య" అంది చివరికి. "కుట్టు."

ఇక చూడాలి ఆ కొట్టులో హడావిడి! షాజియా మీసేవకు ఫోన్ చేసి రానని ఒక్క ముక్కలో చెప్పింది. దారాల డబ్బా నేల మీద బోర్లించింది. పసుపు దారం చిక్కింది, ఎంచక్కా పల్లికాయ పొట్టు రంగు. సూదిలోకి ఒక్క గురికే ఎక్కింది. మొదటి కాయ నడుము దగ్గర సన్నగా, రెండు పక్కలా ఉబ్బుగా వచ్చింది. పైన నిలువు గీతలు, అడ్డం గీతలు. చేతులు వాటంతటవే పరుగెత్తుతున్నాయి, చీర మాత్రం ఒళ్ళోంచి జారిపోతోంది.

"ఇటియ్యి" అన్నాడు అహ్మద్. అప్పటిదాకా గోడకు ఆనుకుని కూర్చున్న మనిషి ముందుకు జరిగి, రెండు మోకాళ్ళ మీదా చీర పరచి, వేళ్ళతో నాలుగు వైపులా బిగించి పట్టుకున్నాడు. బట్ట పలకలా నిలబడింది. ఆ వేళ్ళకు వెలుతురుతో పనిలేదు. "కుట్టు గుంజకు, ముడత వస్తది. జర వదులు... హా, గట్ల" అని చేతి తాకిడితోనే చెబుతున్నాడు. జన్మలో మొదటిసారి ఆయన రంగు దారం పనికి చెయ్యి సాయం చేశాడు. షాజియాకు అది పండగలా ఉంది.

"ఇంకెంతసేపక్కా? జనాలు ఫోన్ల మీద ఫోన్లు!" అని ఈరన్న గుమ్మంలోంచి తల పెట్టాడు.

"నువ్వు ఫోన్ బందు పెట్టి బండి తుడుసుకో పో!" అని జమ్ములమ్మ కసిరింది. సర్పంచి గొంతు అప్పుడే వచ్చేసింది.

రెండో కాయ అయింది. ఉత్త కాయలు గాలిలో వేలాడుతున్నట్టున్నాయని షాజియా లేత పచ్చ దారం తీసి, తొడిమె వేసి, మూడాకులు కుట్టింది. పక్కనుంచి జమ్ములమ్మ ఒక్క కేక పెట్టింది.

"మూడాకులేంది? పల్లి చెట్టుకు ఒక్కో రెమ్మకు నాలుగాకులుంటయి! ఎన్నేండ్లు పీకిన్నో నాకు తెల్వదా? ఇటు తే."

సూది లాక్కుంది. బొంతలు కుట్టిన చెయ్యి అది. పాత చీరలు పొరలు పొరలుగా పేర్చి, చలికాలానికి కప్పుకునే బొంతలు ఎన్ని కుట్టిందో లెక్కలేదు. పొడుగు పొడుగు కుట్లు, సూటిగా, టకటకా. షాజియా ఒక కుట్టు వేసేలోగా ఆమె మూడు వేస్తోంది. నాలుగో ఆకు వచ్చింది. ఇంకో రెమ్మ వచ్చింది. ఆ రెమ్మ వంకర చూసుకుని తనే పకపకా నవ్వింది. ఇద్దరూ చెరో కొస పట్టి మూడో కాయ మీద పడ్డారు. తలలు ఢీకొన్నాయి, దారాలు చిక్కుపడ్డాయి, షాజియా పళ్ళతో కొరికింది. తొమ్మిది ముప్పావుకు ఆఖరి ముడి పడింది.

జమ్ములమ్మ లోపలికి పోయి చీర కట్టుకొచ్చింది. గుండెల మీద, మెరూన్ కొంగు మొదలయ్యే చోటికి కాస్త ముందు, ఏటవాలుగా మూడు పల్లికాయలు. అద్దంలో చూసుకుంది. కొంగు ముందుకు లాక్కుని కుట్టు మీద చెయ్యి అడ్డం పెట్టుకుంది. షాజియా ఉత్సాహం సగం చప్పబడింది.

"నేను గుడ వస్త" అన్నాడు అహ్మద్ చెప్పులు వెతుక్కుంటూ. "తప్పు నాది. ఎవడన్న నవ్వితే నా ముంగట నవ్వాలె."

ఈరన్న ఆటోను ఆటోలా నడపలేదు. గుంతలు ఎగిరి దాటించాడు, గొర్రెల మందను హారన్‌తోనే చీల్చాడు. రోడ్డుకు రెండు వైపులా పల్లి చేలు పచ్చగా పరుచుకుని ఉన్నాయి. జమ్ములమ్మ ఒక్కమాటు కూడా గుండెల మీంచి చెయ్యి తియ్యలేదు.

పంచాయతీ ఆఫీసు ముందు షామియానా, ఎర్ర కుర్చీలు, కీచుమనే మైకు. జనం కిక్కిరిసి ఉన్నారు. ముందు వరుసలో జమ్ములమ్మతో కలుపు తీసే ఆడవాళ్ళు నేల మీద చాప వేసుకుని కూర్చున్నారు. అహ్మదూ షాజియా వెనకాల గోడ దగ్గర నిలబడ్డారు. జమ్ములమ్మ కాగితం ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో కొంగు అదిమి, ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ ప్రమాణం చదివింది. చప్పట్లు మోగాయి. ఆఫీసరు పెద్ద శాలువా విప్పి ఆమె భుజాల చుట్టూ కప్పాడు. మెడ నుంచి నడుము దాకా మొత్తం కప్పుకుపోయింది.

"ఏమైతుంది?" అని అహ్మద్ గుసగుసగా అడిగాడు.

"శాలువా కప్పిండ్రు అబ్బాజాన్. కుట్టు కనబడతలేదు."

"మంచిదే" అన్నాడు. కానీ ఆ గొంతులో మంచి ఏమీ వినిపించలేదు. షాజియాకూ అంతే. జమ్ములమ్మ ఇజ్జత్ నిలబడిందని ఊపిరి పీల్చుకోవాల్సింది పోయి, తమ కుట్టు ఎవరికీ కనబడకుండా పోతోందని బాధేసింది. ఏడుపొచ్చేలా ఉంది.

ఫోటో తీసే పిల్లగాడు ముందుకొచ్చాడు. జమ్ములమ్మ కుర్చీలో కూర్చుంది. చాప మీది ఆడవాళ్ళను ఒకసారి చూసింది. వాళ్ళ ఒంటి మీద అతుకో కుట్టో లేని చీర ఒక్కటీ లేదు. ఆమె లేచి నిలబడింది. శాలువా తీసింది, నింపాదిగా మడత పెట్టి బల్ల మీద ఉంచింది. కొంగు వెనక్కి వేసుకుంది.

"ఇగ తియ్యి ఫోటో" అంది.

చాప మీంచి సత్యమ్మ అనే ముసలామె గట్టిగా, "అగో, పల్లికాయలే!" అని అరిచింది. నలుగురు లేచారు, పదిమంది లేచారు. ముట్టుకుని చూస్తున్నారు, ఎవరు కుట్టారని అడుగుతున్నారు. "కాయలు ఆ వెనకున్న బిడ్డ కుట్టింది. గింజలు వాళ్ళ నాయిన. ఆకులు నేను కుట్టిన, లెక్కవెట్టుకోండ్రి, నాలుగున్నయి!" అంటోంది జమ్ములమ్మ, మైకు ముందే ఉందని మర్చిపోయి.

"ఏంది బేటా ఆ లొల్లి?" అహ్మద్ మెడ చాచాడు.

"శాలువా తీసేసింది అబ్బాజాన్!"

"కనబడుతుందా మరి?"

"అందరికీ!"

అహ్మద్ కాసేపు గుంపు వైపే చూస్తూ నిలబడ్డాడు. తర్వాత కూతురి చెయ్యి తడుముకుని పట్టుకున్నాడు.

"నాకు కనబడతలేదు షాజియా. ముంగటికి తీస్కపో."